కలవని వరస

"హంతకుణ్ణి అలా వదిలేయమంటావా అయితే?" అని రామప్రసాద్ అడగడం అది మూడోసారి. కలుపుకున్న పప్పన్నం చేతిలోనే ఆరిపోతోంది.

"వదిలేయమని నేనెప్పుడన్నాను నాన్నా? వేరే సాక్ష్యం వెతుక్కోమంటున్నాను. అది దొరకలేదని చెప్పి, అసలు వాళ్ళిద్దరిదీ పెళ్ళే కాదనడమేంటి?" అంది స్నిగ్ధ.

"ప్రాసిక్యూటరన్నాక ఆయన పని ఆయన చెయ్యాలి. జీతం ఇచ్చేది దానికే."

"క్రితం ఎపిసోడ్‌లో వాళ్ళ పెళ్ళికెళ్ళి కేకు తినొచ్చింది కూడా ఆయనే."

"కేకు తింటే కేసు వదిలేసుకోవాలా ఏంటి?" అన్నాడు హేమసుందర్ వడియం కొరుకుతూ. "అన్నయ్యా, దీన్ని ఎంపీసీలో వేసి పొరపాటు చేశాం. వదినా, నువ్వు ముందు ఆ సౌండు తగ్గించు. పక్క ఫ్లాట్ ఈజిప్టాయనకి ఇంగ్లీషొచ్చు."

ఆండాళ్ సౌండు తగ్గించింది గాని టీవీ ఆపలేదు. ఆమె కథ చూడటం లేదు, పెదవులు చూస్తోంది. తెర మీద సాక్షి బోనులో ఒక బక్కపల్చటి మనిషి కూచుని, దాని అంచు పట్టుకుని, ఎదురుగా ముద్దాయి కుర్చీలో ఉన్న ఇంకో మగవాణ్ణి చూస్తూ "ఆయన నా భర్త" అంటున్నాడు ఇంగ్లీషులో. ఆ మాట దగ్గర అతని పెదవులు కలుస్తాయి. తను రాసే తెలుగు మాటలోనూ అక్కడ పెదవులు కలవాలి.

అది అమెరికా కోర్టు సీరియల్. హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ స్టూడియో తెలుగులోకి తెస్తోంది. మాటలు రాసేది రియాద్‌లో ఈ మూడు గదుల ఫ్లాట్‌లో కూచుని ఆండాళ్. ఆమె ఇకామా, అంటే సౌదీలో ఉండనిచ్చే కార్డు మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదని అరబ్బీలో అచ్చేసి ఉంటుంది కాబట్టి, తెర మీద పేరు మాత్రం స్నేహితురాలు శ్రీలతది పడుతుంది. ఈ వారం కథలో ఒక ముసలి దుకాణదారుణ్ణి ఎవరో చంపారు. చంపినవాడి సంగతి అతన్ని పెళ్ళి చేసుకున్న మనిషికి తెలుసు. భార్యాభర్తల్లో ఒకరి మీద ఒకరి చేత బలవంతాన సాక్ష్యం చెప్పించకూడదని చట్టం. అందుకని ప్రాసిక్యూటరు, ఎక్కడో వేరే రాష్ట్రంలో ఇద్దరు మగవాళ్ళు చేసుకున్న ఆ పెళ్ళి ఈ కోర్టులో చెల్లదని వాదిస్తాడు. ఇంట్లో రభస అంతా దాని గురించి.

"టీవీ ముందు కూచుని న్యాయం చెప్పడం ఎవరికైనా వచ్చు," అని రామప్రసాద్ లేచిపోయాడు. పెరుగు వడ్డించుకోలేదు. పెళ్ళయినప్పట్నుంచీ ఆ మనిషి పెరుగన్నం తినకుండా లేవడం ఆండాళ్ జ్వరాల్లో తప్ప చూడలేదు.

ఆండాళ్ గిన్నెలు తోముతూ ఉంటే రామప్రసాద్ వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. గ్లాసులో నీళ్ళు పట్టుకున్నాడు. తాగలేదు.

"హన్మాండ్లు వచ్చాడా ఇవాళ?"

"పొద్దున్నే వచ్చి మూడు ఏసీలూ కడిగి వెళ్ళాడు. సోఫా మీద దుమ్ము పడకుండా తనే దుప్పటి కప్పి, మళ్ళీ తనే దులిపి మడత పెట్టాడు. ఏం?"

"ఏమన్నా అన్నాడా?"

"హాల్లో ఏసీ ముసలిదైపోయింది, 'నాకంటె ఒక్క ఏడే చిన్నదమ్మా' అన్నాడు. ఏమైందండీ?"

రామప్రసాద్ తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. కంపెనీ లేబర్ క్యాంపులో హన్మాండ్లుతో ఒకే గదిలో ఉండే ముగ్గురు కలిసి కంప్లయింటు ఇచ్చారట, తెలుగులో రాసి. హన్మాండ్లుకీ, టైల్స్ పని చేసే సదానందానికీ లగ్గమైందనీ, మంచాల చుట్టూ దుప్పటి కట్టుకుని వేరే కాపురం పెట్టారనీ, ఆ గదిలో తామిక ఉండలేమనీ. చెప్తూ చెప్తూ ఒకచోట ఆగి, "అదే, నీ సీరియల్లో మాదిరి," అన్నాడు. ఆ మాట ఆయన నోటికి రాలేదు.

"ఎన్నేళ్ళుగానో ఉంటున్నారుగా ఒకే గదిలో. ఇప్పుడేం కొత్త?"

"కొత్త వాళ్ళలో లేదు, కంపెనీలో ఉంది."

నితాఖత్ లెక్కల్లో కంపెనీ ఎర్ర వరసలోకి జారింది. సౌదీ వాళ్ళని పెంచాలి, బయటివాళ్ళని తగ్గించాలి. తలకింత అని ప్రభుత్వానికి కట్టే లెవీ ఏటేటా పెరుగుతోంది. పాత పనివాళ్ళని ఊరికే పంపుదామంటే ఇన్నేళ్ళ సర్వీసు సొమ్ము చేతిలో పెట్టి పంపాలి. అదే నడత బాగాలేదని విచారణలో తేలిందనుకో, లేబర్ చట్టం ఎనభయ్యో ఆర్టికల్ కింద ఉత్త చేతులతో పంపొచ్చు. ముదీర్, అంటే మేనేజరు, ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఆఫీసులో తెలుగు వచ్చినవాడివి నువ్వొక్కడివే కాబట్టి విచారణ నువ్వే చెయ్యి అన్నాడు. ఆదివారం ఆఫీసు తెరిచేసరికి రిపోర్టు బల్ల మీద ఉండాలి.

"విచారణ అంటే?"

"అంటే ఏముంది, రాయడమే. ఏం రాయాలో ఆయన చెప్పేశాడు." నీళ్ళు సింకులో పారబోశాడు. "ఆ కాగితం లేబర్ ఆఫీసుకి వెళ్తుంది ఆండాళూ. అక్కడినుంచి ఎటు వెళ్తుందో ఎవరి చేతిలోనూ లేదు. ఈ దేశంలో దానికి ఏం చేస్తారో తెలుసుగా."

తెలుసు. ఆమె చేతిలో స్క్రబ్బరు ఆగింది.

"రాయనని చెప్పండి."

"నా ఇకామా మీద ఏముంది? వేర్‌హౌస్ సూపర్‌వైజర్. చేసేది హెచ్ఆర్ పని. ఆ సీట్లో సౌదీ వాడే కూచోవాలని రూలు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడల్లా ఫైలు చంకలో పెట్టుకుని కింద చాయ్ దుకాణానికి పారిపోయేవాణ్ణి నేను. నన్ను తీసెయ్యడానికి ఎంతసేపు? వచ్చే నెలాఖరుకి మన ముగ్గురివీ రెన్యూవల్. ముదీర్ అసలు సంగతి ఎత్తే ముందు ఏమడిగాడో తెలుసా? 'మీ అమ్మాయి పదకొండో క్లాసు కదూ' అన్నాడు. నవ్వుతూనే."

హాల్లోంచి ఇంకా స్నిగ్ధ గొంతు వినిపిస్తోంది, బాబాయితో వాదిస్తూ.

*

మర్నాడు అందరూ వెళ్ళాక ఆండాళ్ లాప్‌టాప్ ముందు కూచుంది. చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఒక్కో వాక్యాన్నీ నాలుగైదుసార్లు తిప్పి వింటూ, పెదవులు కలిసే చోట గుర్తు పెట్టుకుంటూ, తెలుగు వాక్యం తనే పైకి అని చూసుకుంటూ రాయడం ఆమె పద్ధతి. నటుడు ఊపిరి తీసుకున్నచోట తెలుగులోనూ ఊపిరి ఆడాలి. వాక్యం పొడుగైతే వేళ్ళు ముడుస్తూ మాటలు తగ్గిస్తుంది.

బోనులో మనిషి మళ్ళీ అన్నాడు, ఆయన నా భర్త. వెనక్కి తిప్పింది. మళ్ళీ అన్నాడు. గొంతులో దబాయింపు లేదు, ప్రాధేయపడటమూ లేదు. ఊరి పేరు అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

శ్రీలత ఫోన్ చేసింది. "ఆండాళూ, ఆ ఎపిసోడ్ పంపకు అప్పుడే. స్టూడియో వాళ్ళు ఆ మాట వద్దంటున్నారే. ఇంటిల్లిపాదీ కూచుని చూసే టైమట. స్నేహితుడనో, తమ్ముడనో మార్చెయ్యమన్నారు."

"తమ్ముడైతే ఇంక కేసు ఎక్కడిదే? తమ్ముడి చేత సాక్ష్యం చెప్పించకూడదని ఏ చట్టంలో ఉంది? ఆ ప్రాసిక్యూటరు ముప్పావుగంట సేపు దేనికి గింజుకుంటున్నట్టు?"

"చూసేవాళ్ళు అంత ఆలోచించరులే."

"మనకంటే ఎక్కువే ఆలోచిస్తారు."

"సరేనమ్మా, నీ పాండిత్యం తర్వాత. మార్చి పంపు, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు."

మార్చడం మొదలుపెట్టింది. భర్త ఉన్న ప్రతిచోటా తమ్ముడు. మూడు సీన్లు దాటేసరికి తను అన్నట్టే అయింది. ప్రాసిక్యూటరు ఎందుకు అరుస్తున్నాడో, జడ్జి ఎందుకు తల పట్టుకున్నాడో, బోనులో మనిషికి కన్నీళ్ళెందుకో ఒక్కటీ అంతు పట్టలేదు. కేసే లేదు. ఆ ఒక్క మాటతో మొత్తం వ్యవహారం ఆవిరైపోయింది.

ఆండాళ్ హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. తమ్ముడైతే కేసెక్కడిది?

సాయంత్రం రామప్రసాద్ చెప్పులు విప్పుతూ ఉండగానే చెప్పింది. "వాళ్ళిద్దరూ అన్నదమ్ములని రాయండి."

"పాస్‌పోర్టుల్లో తండ్రుల పేర్లు వేరే ఉంటాయి కదా."

"పెద్దమ్మ పిన్నమ్మల కొడుకులని రాయండి. తల్లులు అక్కచెల్లెళ్ళయితే ఇంటిపేర్లు వేరు, తండ్రులు వేరు, అయినా వాళ్ళు అన్నదమ్ములే. ఒక్క కంచంలో తిన్నా, ఒక్క గదిలో పడుకున్నా, జ్వరమొస్తే కాళ్ళు పట్టినా ఎవరు కాదంటారు? కంప్లయింటు ఇచ్చినవాళ్ళు అపార్థం చేసుకున్నారు, విచారణ ముగిసింది, అంతే. ముదీర్‌కి మన పెద్దమ్మలూ పిన్నమ్మలూ ఏం తెలుస్తారు?"

రామప్రసాద్ ఒక చెప్పు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత మెల్లిగా నవ్వాడు, రెండు రోజుల్లో మొదటిసారి. "నీ సీరియల్ ప్రాసిక్యూటర్‌కంటే నువ్వే నయం," అన్నాడు. వాళ్ళిద్దరి స్టేట్‌మెంట్లూ తెలుగులో రాసి, పక్కన అరబ్బీ చేర్చి, సంతకాలు తీసుకుంటే చాలు. ఆఫీసులో వద్దు, అక్కడ చెవులున్నాయి. రేపు శుక్రవారం, ఇంటికే రమ్మందాం. ఆ పూట పెరుగన్నం రెండుసార్లు కలుపుకున్నాడు.

*

ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. హన్మాండ్లు ఎప్పుడూ ఏసీ కోసం వచ్చే ఇల్లే అయినా, ఆ రోజు గుమ్మంలో కాస్త ఆగి లోపలికొచ్చాడు. సదానందం అతనికంటే చిన్నవాడు, సన్నగా ఉన్నాడు. టైల్స్ సిమెంటు తిని వేళ్ళ కొసలు తెల్లగా పగిలి ఉన్నాయి. సోఫా అంచున కూచున్నారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత దూరంలో.

ఆండాళ్ ఉప్మా పెట్టింది. "కడుపు నిండినాయన చేతిల కాగితం వెడితె సంతకం జల్ది అయితదని పెడుతున్నరా అమ్మా?" అన్నాడు హన్మాండ్లు. అందరూ కొంచెం నవ్వారు. రామప్రసాద్ లాప్‌టాప్ తెరుస్తూ, కంప్లయింటు సంగతి, ముదీర్ సంగతి క్లుప్తంగా చెప్పాడు. వాళ్ళకి అప్పటికే తెలుసు. సదానందం తల దించుకుని వింటున్నాడు. హన్మాండ్లు వింటూ వింటూనే, చూపు రామప్రసాద్ మీదినుంచి తిప్పకుండానే, చెయ్యి చాచి సదానందం ప్లేట్లోంచి పచ్చిమిరపకాయ ముక్కలు ఒకటొకటే ఏరి తన ప్లేట్లో వేసుకున్నాడు. సదానందం ఆ చెయ్యి వైపు చూడను కూడా లేదు. ప్లేటు మాత్రం అటు కాస్త వంచాడు.

ఆండాళ్ చూపు తిప్పుకుంది. చూడకూడని చోట తలుపు తీసినట్టనిపించింది.

రామప్రసాద్ చదివాడు. "సదానందం మా పిన్నమ్మ కొడుకు. వరసకి నాకు తమ్ముడు అవుతాడు. చిన్నప్పట్నుంచీ అన్నదమ్ముల్లా ఒక్క చోట పెరిగాం. క్యాంపులో కూడా ఆ చనువుతోనే ఉంటున్నాం. ఇతరులు దీన్ని అపార్థం చేసుకున్నారు." సదానందానిదీ అలాంటిదే, అన్న అని రాసి ఉంది. ప్రింటు తీసిన కాగితాలు బల్ల మీద పెట్టి కలం అందించాడు.

సదానందం వెంటనే సంతకం పెట్టాడు. చివరి అక్షరం గీత దాటింది. హన్మాండ్లు కాగితం తీసుకుని తనే ఒకసారి చదువుకున్నాడు, పెదవులు కదుపుతూ. మళ్ళీ మొదటికొచ్చి చదివాడు. కలానికి మూత పెట్టి, కాగితం మీద అడ్డంగా పెట్టాడు.

"సారు, గీ తమ్ముడన్న మాట తీసెయ్యరాదు?"

"అదే కదయ్యా అసలు మాట. అది తీసేస్తే ఇంకేం మిగిలింది?"

"ఇంకోటేదన్న రాయున్రి. దోస్తని రాయున్రి. ఒక్క ఊరోళ్ళమని రాయున్రి."

"దోస్తులంటే వాళ్ళు రాసింది చెరిగిపోదు. అన్నదమ్ములైతేనే నోరు మూస్తారు."

"ఉత్తుత్తి కాగితం హన్మాండ్లూ," అంది ఆండాళ్. "ఆ బల్ల సొరుగులో పడి ఉంటుంది. మీ ఊళ్ళో ఎవరు చదవొచ్చారు?"

"మీరు సదివిన్రు గదమ్మా. నేను సదివిన. ఈయన సదివిండు." సదానందాన్ని పేరు పెట్టి అనలేదు. గొంతు పెంచలేదు. "తమ్ముడంటె ఒక్క ఇంటి పాలు తాగినోడు. ఒక్కపారి ఆ వరస కలుపుకున్నంక మల్ల పోతదా? గిన్నేండ్ల సంది మేం ఎట్ల బతికినమో గదంత, నేను నా తమ్మునితోని బతికినట్టు అయితది. గసొంటి పాపపు రాత నా చేత్తోని రాయను. ఇంక ఏ వరసనన్న అనున్రి. ఆ వరస మాకు కలవది."



 ఆ మనిషి సంతకం పెట్టనన్నాడనుకుంది ముందు ఆండాళ్. ఏం చెప్పాడో కాసేపటికి గాని బోధపడలేదు. నోటితో అంటే ప్రాణం మీదికొచ్చే దేశంలో, చదువుకున్నవాళ్ళింట్లో, విచారణ చేసే మనిషి ఎదుట, మేం ఇదీ అని చెప్పేశాడు. అరవకుండా, ఏడవకుండా.

"పెట్టరాదు," అన్నాడు సదానందం, నేలకేసి చూస్తూ. "పానం కంటె ఎక్కువనా?"

"నీది నువ్వు వెట్టినవ్ గద. నేనేమన్న అన్ననా?"

 సదానందం చెయ్యి చాచి తన కాగితం వెనక్కి తీసుకుని, కలం మూత తీసి, తన సంతకం మీద ఒక గీత కొట్టాడు. చాలక ఇంకో గీత కొట్టాడు. కాగితం చిరిగింది.

రామప్రసాద్ రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"మీరు మా కోసం అబద్ధం రాయద్దు, నిజం రాయద్దు సారు," అన్నాడు హన్మాండ్లు. " మాకు ఖురూజ్ కొట్టున్రి. మేమే పోతమంటున్నమని. కాకపోతె ఇద్దరికి ఒక్కనాడు కొట్టున్రి. ఒగలను హఫర్ అల్ బాతిన్ సైటుకు తోలి, ఒగలను రియాద్ల ఉంచితె మల్ల దొరకం."

అది రామప్రసాద్ చేతిలో పనే. ఖురూజ్, అంటే దేశం విడిచి వెళ్ళే ఫైనల్ ఎగ్జిట్, కొట్టే కంప్యూటరు పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంటుంది. రాజీనామా తీసుకుని ఎగ్జిట్ కొట్టేస్తే, పనిలో లేని మనిషి మీద విచారణ ఉండదు. సర్వీసు సొమ్మూ ఇచ్చి తీరాలి. ముదీర్‌కి ఆ సంగతి తెలిసిన మరుక్షణం రామప్రసాద్ ఆ సీట్లో ఉండడు.

"చూద్దాం," అన్నాడు.

ఆ మాటంటే కాదనడమేనని గల్ఫ్‌లో అందరికీ తెలుసు. హన్మాండ్లు తల ఊపి, ఖాళీ ప్లేట్లు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, తనే తీసుకెళ్ళి సింకులో పెట్టాడు. వద్దంటున్నా కడిగాడు.

*

ఆ మధ్యాహ్నం ఇసుక గాలి లేచింది. కిటికీల బయట వెలుతురు పసుపుపచ్చగా మారి, ఎదురు మేడలు కనిపించకుండా పోయాయి. తలుపు సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కి వచ్చి ఆండాళ్ లాప్‌టాప్ తెరిచింది. తమ్ముడు, తమ్ముడు, తమ్ముడు. నిన్న తను మార్చిన చోట్లన్నీ కనబడ్డాయి.  ఒక్కోటీ తీసేసి భర్త అని పెట్టుకుంటూ వచ్చింది. బోనులో మనిషి పెదవులకి సరిగ్గా సరిపోయింది. పంపేసింది.

శ్రీలత ఫోన్ చేసి, "ఎలాగూ అక్కడ మార్చేస్తారే," అంది.

"మార్చుకోనీ. నా చేత్తో కాదు."

అన్నాక గాని ఆ మాట ఎక్కడిదో తట్టలేదు.

ఆ రోజంతా ఆ గొంతు ఇంట్లోనే ఉంది. బియ్యం కడుగుతుంటే ఉంది, దుప్పట్లు మారుస్తుంటే ఉంది. ఒక్కోసారి అది బోనులో మనిషిది, ఒక్కోసారి హన్మాండ్లుది. ఆ వరస మాకు కలవది. సోఫా మీద వాళ్ళిద్దరి మధ్యా మిగిలిన చోటు ఇంకా అలాగే ఉన్నట్టనిపించి, ఆండాళ్ అక్కడ కూచోలేకపోయింది. స్నిగ్ధ వచ్చి సరిగ్గా ఆ చోట్లోనే కాళ్ళు ముడుచుకుని కూచుని ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే, లే అనబోయి ఆగింది.

రామప్రసాద్ బల్ల దగ్గర ఫైలు తెరుచుకుని ఉన్నాడు. 'విచారణలో తేలినది' అన్నంత వరకూ అరబ్బీలో టైపు చేసి ఉంది. ఆ పక్కన గీత మినుకు మినుకుమంటోంది. హేమసుందర్ వెనక నిలబడి చదివాడు.

"నీ ఉద్యోగం నువ్వు చెయ్యన్నయ్యా. నువ్వు రాయకపోతే ఇంకొకడు రాస్తాడు."

"ఇంకొకడికి తెలుగు రాదు."

"అయితే వాళ్ళ ఖర్మ. నీకు పెళ్ళాం పిల్లా ఉన్నారు."

 మొన్న టీవీ ముందు తనన్న మాటలే రామప్రసాద్ తమ్ముడి నోట వింటున్నాడు. ఆయన వీపు బల్ల మీదికి వంగడం ఆండాళ్‌కి వంటింటి గుమ్మంలోంచి కనబడింది.

ఆ వీపుకేసి చూస్తూ ఆమె ఒక సంగతి ఊహించుకుంది. ఎవరో వచ్చి, ఈయన మీ అన్నయ్య అని సంతకం పెడితే మీ ముగ్గురికీ ఇకామాలు రెన్యూ చేస్తాం అన్నారనుకో. పెడుతుందా? పెడుతుంది. ఒక్క క్షణం కూడా ఆలోచించదు. ఎందుకంటే ఆ కాగితాన్ని ఎవరూ నమ్మరు. తమ పెళ్ళి ఊరందరి నోళ్ళలోనూ ఉంది. అత్తగారి నోట, పాలవాడి నోట, పాస్‌పోర్టులో, స్కూలు రిజిస్టర్లో. ఒక్క కాగితం అబద్ధమాడితే దానికేం కాదు. వాళ్ళిద్దరిదీ వాళ్ళిద్దరి నోళ్ళలో తప్ప ఇంకెక్కడా లేదు. అక్కడ కూడా తుడిచెయ్యమని తను టిఫిన్ పెట్టి మరీ అడిగింది.

శనివారం తెల్లారేసరికి గాలి తగ్గింది. ఇల్లంతా సన్నటి ఇసుక. ఆండాళ్ తడి గుడ్డతో గచ్చంతా రెండుసార్లు తుడిచింది, అల్మరాలు తుడిచింది, స్నిగ్ధ బల్ల తుడుస్తూ దాని పరీక్షల టైంటేబుల్ కాసేపు చూసింది. రామప్రసాద్ ఆ వాక్యం దగ్గరే ఉన్నాడు. ఒకసారి దాన్ని తుడిపేశాడు. మళ్ళీ రాశాడు. కాసేపటికి, "ఆండాళూ, నువ్వు చెప్పు," అన్నాడు తల తిప్పకుండా.

"వంట అవనివ్వండి," అంది.

వంకాయ కూర, చారు. నలుగురూ కూచున్నారు. ఆండాళ్ అందరికీ వడ్డించి, తనూ ప్లేటు పెట్టుకుని కూచుంది. మామూలుగా అందరూ లేచాక తింటుంది.

"ఖురూజ్ కొట్టడానికి ఎంతసేపు పడుతుందండీ?"

"ఎంతసేపూ పట్టదు. తర్వాత సంగతే."

"తర్వాత సంగతంటే మేమే కదా, నేనూ స్నిగ్ధా."

రామప్రసాద్ తలెత్తాడు.

"మిమ్మల్ని భయపెట్టడానికి వాళ్ళ దగ్గరున్నది మా ఇకామాలే. మేమే ఇక్కడ లేకపోతే ముదీర్ మీ అమ్మాయి ఏం చదువుతోందని అడిగి ఏం చేస్తాడు? మీ ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే మీరూ వస్తారు." చారు గిన్నె హేమసుందర్ వైపు జరిపింది. "ఎగ్జిట్ కొట్టాక రెండు నెలలు ఉండొచ్చట కదా. స్నిగ్ధ పరీక్షలన్నీ రాసేస్తుంది. పన్నెండు కాకినాడలో చదువుతుంది. స్కూలుకెళ్ళి టీసీ సంగతి నేను అడుగుతాను."

"వదినా, ఇంకెవరి కోసమో..." అని హేమసుందర్ మొదలుపెట్టి, అన్న మొహం చూసి ఆపేశాడు.

"నన్ను అడగలేదు నువ్వు," అంది స్నిగ్ధ. గొంతు సన్నగా ఉంది. మొన్నటి వాదన తాలూకు పదును ఎక్కడా లేదు.

"అడగలేదు," అంది ఆండాళ్. "అడిగితే నువ్వు సరే అనేదానివి. అనాల్సొచ్చేది నీకు. అందుకని అడగలేదు."

స్నిగ్ధ ప్లేట్లో వంకాయ ముక్కని వేలితో అటూ ఇటూ జరిపింది. "ఇక్కడ నా ఫ్రెండ్స్..." అంది.  కళ్ళు తుడుచుకోవడానికి ఎడమ చెయ్యి ఎత్తి, జుట్టు సర్దుకున్నట్టు చేసింది.

"నేనొక్కణ్ణీ ఇక్కడ," అన్నాడు రామప్రసాద్. ప్రశ్నలా అనబోయాడు గాని అలా రాలేదు.

"కొన్నాళ్ళు," అంది ఆండాళ్. ఆయన ప్లేట్లో పెరుగు వేసింది. "రేపు పొద్దున్న వాళ్ళిద్దరివీ కొట్టేసి, మీ ఫోన్లోంచి మావీ కొట్టేయండి. ముందు వాళ్ళవి."